సూదితో వెంట్రుకలు తీయించాక మచ్చలు పడ్డాయా? ముందు టార్చి పట్టి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26. మాది రాజోలు దగ్గర పల్లె. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నెలసరి సరిగా రాదు, పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) ఉందన్నారు. పై పెదవి మీద, గడ్డం కింద వెంట్రుకలు వస్తుంటే ఎనిమిదేళ్లుగా థ్రెడింగ్ చేయించుకుంటున్నాను. ఈ మధ్య టౌన్‌లో ఒకచోట ఎలక్ట్రాలసిస్ (సూదితో కరెంటు పెట్టి వెంట్రుకలు తీయడం) మొదలుపెట్టాను. పది రోజులకో సిట్టింగ్ చొప్పున ఐదు అయ్యాయి. ఆఖరిది అయి ఐదు వారాలైంది. అప్పుడు కట్టిన పక్కుల్ని ఉండబట్టలేక గిల్లేశాను. ఇప్పుడు అక్కడ నల్లటి చుక్కలు, రెండు మూడు చోట్ల గుంటల్లాంటివి ఉన్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే నాలుగు రోజుల్లో తెల్లబడింది. మానేస్తే ఎర్రబడి మంట పుడుతోంది, అందుకని రెండు వారాలుగా రాస్తూనే ఉన్నాను. అమ్మేమో నిమ్మరసం, పసుపు రాయమంటోంది. మాఘంలో పెళ్లి, ఇంకా మూడు నెలలే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా చర్మం ఇక ఇంతేనా? మిగతా సిట్టింగులు చేయించుకోవాలా, లేజర్‌కి మారాలా?
ఒక పాఠకురాలు, రాజోలు

సమాధానం: అమ్మా, మీ చర్మం ఇక ఇంతే అని ఎవరన్నా నమ్మకండి. మీరు రాసిన దాన్ని బట్టి ఆ నల్ల చుక్కల్లో చాలా భాగం పోయేవే. గుంటల సంగతి ఐదు వారాలకే తేల్చలేం. నాకు బెంగగా ఉన్నది ఆ రెండింటి గురించి కాదు, మెడికల్ షాపు క్రీము గురించి.

ముందు ఒక పని చేయండి. రాత్రి గదిలో లైటు ఆపి అద్దం ముందు కూర్చోండి. ఫోను టార్చి వెలిగించి ఎదురుగా కాకుండా చెంప పక్కనుంచి అడ్డంగా పట్టుకోండి. నిజమైన గుంట అయితే అందులో చిన్న నీడ పడుతుంది. వట్టి నల్లమచ్చ అయితే నీడ ఉండదు, వేలితో తడిమినా నున్నగానే తగులుతుంది. నల్లటి చుక్క చుట్టూ తెల్లటి చర్మం ఉంటే మామూలు వెలుతురులో అది లోతుగా ఉన్నట్టు కంటికి భ్రమ కలుగుతుంది. గుంటలు పడ్డాయని ఏడుస్తూ వచ్చినవాళ్లకి ఇలా టార్చి పట్టి చూపిస్తే సగం గుంటలు అక్కడే మాయమైపోవడం నేను చాలాసార్లు చూశాను.

నల్లమచ్చ ఎందుకు పడుతుందో చెబుతాను. మన చామనఛాయ చర్మంలో రంగునిచ్చే కణాలు చురుకైనవి. కాలినా, గీరుకున్నా, మొటిమ చిదిమినా అవి అవసరానికి మించి రంగు వదులుతాయి. గాయం మానిపోయినా ఆ రంగు చర్మంలో మిగిలిపోతుంది. పైపొరలో ఉన్నదైతే కొన్ని నెలల్లో పలచబడుతుంది, కాస్త లోతుకి దిగినదైతే ఏడాది, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. అంటే పెళ్లినాటికి బాగా తగ్గే అవకాశం ఉంది కానీ పూర్తిగా పోతుందని నేను మాటివ్వలేను.

ఇక ఎలక్ట్రాలసిస్ విషయం. ఇదేమీ కొత్తగా పుట్టింది కాదు. కనురెప్పల వెంట్రుకలు లోపలికి తిరిగి కంట్లో గుచ్చుకునే రోగుల కోసం 1875లో చార్లెస్ మిషెల్ అనే అమెరికా కంటి డాక్టరు దీని గురించి రాశారు. వెంట్రుక మొలిచే కుదురులోకి సన్నటి సూది దింపి కరెంటు పంపుతారు. ఒక పద్ధతిలో ఆ కరెంటు వల్ల కుదురులోని ఉప్పు, నీరు కలిసి కాస్టిక్ సోడాగా మారి వేరుని కరిగించేస్తాయి. ఇంకో పద్ధతిలో వేడి పుట్టి వేరు మాడిపోతుంది. రెండూ కలిపి చేసేదాన్ని బ్లెండ్ అంటారు. ఏ రకమైనా లోపల జరిగేది ఒక చిన్న కాలుడే. అది వేరు దగ్గర జరిగితే వైద్యం. సూది సరిపడా లోతుకి దిగకుండా పైనే కరెంటు వదిలితే, లేదా ఒకే చోట పక్కపక్క వెంట్రుకలన్నీ ఒక్కసారే తీసేస్తే, కాలేది చర్మం.

సిట్టింగ్ అయ్యాక కాసేపు ఎర్రబడటం, కొద్దిగా వాపు రావడం మామూలే. ఆవగింజ కన్నా చిన్న పక్కులు కట్టి వారం అటూ ఇటూగా రాలిపోవడమూ మామూలే. మీరు పక్కులు గిల్లేశారు. ఆ మాట దాచకుండా రాశారు, సంతోషం. అది చాలామంది చేసే పనే. కాకపోతే పక్కు కింద కొత్త చర్మం ఇంకా అల్లుకుంటూ ఉంటుంది, మూత లాగేస్తే మానాల్సిన గాయం మళ్లీ మొదటికొస్తుంది. పది రోజులకే అదే చోట మళ్లీ సూది పెట్టడం దానికి తోడైంది. మచ్చలు పడే చర్మం మీద నేనైతే ఒకే చోట నాలుగు వారాల లోపు మళ్లీ చేయనివ్వను.

చేసినవారి చెయ్యి ఎలాంటిదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. సూది పెట్టాక వెంట్రుకని ప్లక్కర్‌తో పట్టుకుంటే వెన్నలోంచి వచ్చినట్టు జారి వచ్చిందా, లేక థ్రెడింగ్‌లో లాగినట్టు చురుక్కుమందా? జారి వస్తే వేరు తెగినట్టే. చురుక్కుమంటే వేరు అక్కడే ఉంది. కరెంటు తగిలిన నొప్పి మిగిలింది, వెంట్రుక మళ్లీ వస్తుంది. ఇందులో తప్పంతా వాళ్లదే అనలేను. ఎనిమిదేళ్లు దారంతో లాగితే కుదుళ్లు వంకర తిరుగుతాయి, అలాంటిచోట అనుభవం ఉన్నవారికి కూడా సూది తిన్నగా దింపడం కష్టమే. సూది ప్యాకెట్టు మీ ఎదురుగా చించారా లేదా అన్నది కూడా గుర్తు చేసుకోండి. చూడలేదంటే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. భయపెట్టడానికి కాదు, మనసులో ఆ అనుమానం ఉండకూడదని చెబుతున్నాను.

ఇప్పుడు క్రీము. నాలుగు రోజుల్లో తెల్లబడటం, ఆపగానే ఎరుపు, మంట. ఈ రెండూ వింటే ఏ స్కిన్ డాక్టరుకైనా మొదట తట్టేది స్టెరాయిడ్. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటి పేరేదైనా ఉందేమో చూడండి. ఇలాంటి క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ మందుల జాబితాలో చేర్చింది. అయినా అడిగిన వెంటనే చేతిలో పెడుతున్నారు, అదే నా బాధ. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి, మొటిమలు లేస్తాయి. మీకు ముఖ్యంగా తెలియాల్సింది ఇంకొకటి ఉంది. స్టెరాయిడ్ రాసినచోట వెంట్రుకలు పెరుగుతాయి! దేన్ని వదిలించుకోవడానికి ఇంత నొప్పి భరించారో దాన్నే ఆ ట్యూబు పెంచుతుంది. మీరు వాడింది రెండు వారాలే కాబట్టి ఆపేయవచ్చు. కొన్నాళ్లు మంట ఉంటుంది, చల్లటి తడిగుడ్డ వేసుకోండి, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాయండి. మంట భరించలేకపోతే మళ్లీ అదే రాయకుండా ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిమ్మరసం వద్దే వద్దు. నిమ్మరసం రాసిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి ఇప్పుడున్న దానికన్నా నల్లటి మచ్చ పడుతుంది. అమ్మకి కోపం రాకుండా చెప్పండి, ఆవిడ ప్రేమ కొద్దీ చెబుతున్నారు. మనవైపు అన్నిటికీ వాడే కొబ్బరినూనె కూడా ముఖానికి వద్దు, మొటిమలు వచ్చే చర్మంలో రంధ్రాలు మూసుకుపోతాయి.

మరి ఏం రాయాలి? అన్నిటికన్నా ముందు సన్‌స్క్రీన్. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే వచ్చేంత ముఖానికీ మెడకీ కావాలి, మనవాళ్లు అందులో పావు వంతు కూడా రాయరు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, కాస్త చర్మం రంగులో ఉండే టింటెడ్ రకం తీసుకోండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా అడ్డుకుంటుంది. మన చర్మంలో మచ్చ నల్లబడటానికి ఆ వెలుతురు కూడా చాలు. మన గోదావరి డెల్టాలో ఎండ పైనుంచే రాదు, కాలువ నీళ్ల మీద, రొయ్యల చెరువుల మీద పడి కిందనుంచీ కొడుతుంది. గట్టు మీద స్కూటీ నడిపేవారికి గడ్డం కింద కూడా రాయాలని అందుకే చెబుతాను. హెల్మెట్ మానొద్దు, దాని పట్టీ మాత్రం ఒకసారి చూసుకోండి. చెమటతో బిరుసెక్కిన పట్టీ సరిగ్గా మీ మచ్చల మీదే రాసుకుంటుంది. దాన్ని ఉతికి, మెత్తటి నూలు గుడ్డ చుట్టండి.

స్టెరాయిడ్ మంట పూర్తిగా చల్లారాక, రాత్రిపూట అజెలాయిక్ యాసిడ్ 10 శాతం క్రీము పలచగా, మొదట రోజు విడిచి రోజు మొదలుపెట్టవచ్చు. నెమ్మదిగా పనిచేస్తుంది కానీ నమ్మకమైనది, గర్భం వచ్చినా ఆపక్కర్లేదు. మచ్చ రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ లాంటివి డాక్టరు చూసి రాస్తేనే వాడాలి. పెళ్లి దగ్గర పడుతోందని ఎవరైనా పీల్ (మందు రాసి చర్మం పైపొర ఊడదీయడం) చేస్తామంటే ఒప్పుకోకండి, మండుతున్న చర్మం మీద పీల్ వేస్తే కొత్త మచ్చలు పడతాయి.

గుంటలు ఆరు నెలల దాకా కొంత వాటంతట అవే పూడతాయి, లోపల చర్మం ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది. అప్పటికీ టార్చి వెలుగులో నీడ పడుతుంటే సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్ లాంటి పద్ధతులున్నాయి. గుంటకి బదులు గట్టిగా, దురదగా, మెరుస్తూ ఉబ్బెత్తు లేస్తుంటే మాత్రం ఆరు నెలలు ఆగొద్దు. అది కెలాయిడ్ కావచ్చు, మొదట్లో ఇంజెక్షన్లకి బాగా లొంగుతుంది. చీము, పెరిగే నొప్పి, జ్వరం, పెదవి చుట్టూ గుంపుగా నీటి పొక్కులు, వీటిలో ఏది వచ్చినా మర్నాడే చూపించుకోండి. దగ్గర్లో స్కిన్ డాక్టరు లేకపోతే కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.

ఇప్పటికి సిట్టింగులు ఆపండి. లేజర్ కూడా ఇప్పుడు వద్దు. నల్లమచ్చ ఉన్నచోట లేజర్ వెలుగుని ఆ మచ్చే పీల్చుకుని కాలుతుంది. పైగా హార్మోన్ల తేడా ఉన్నవారికి చెంపల మీద, దవడ మీద నూగు వెంట్రుకలకి లేజర్ కొడితే అవే మందంగా పెరిగిన సందర్భాలు ఉన్నాయి. చర్మం కుదుటపడ్డాక ముదురు రంగు చర్మానికి పనికొచ్చే ఎన్‌డీ యాగ్ లేజర్ గురించి మాట్లాడుకోవచ్చు. ఈలోగా థ్రెడింగ్ బదులు చిన్న ఫేస్ రేజరుతోనో కత్తెరతోనో, మంట తగ్గిన చోట మాత్రమే తీసేయండి. గీస్తే మందంగా వస్తాయన్నది అపోహ. కొస మొద్దుగా తెగడం వల్ల అలా అనిపిస్తుంది, అంతే.

అసలు మూలం పీసీఓడీ. ఎలక్ట్రాలసిస్ ఉన్న వెంట్రుకల్ని తీస్తుంది, హార్మోన్లు కొత్తవాటిని మొలిపిస్తూనే ఉంటాయి. టెస్టోస్టిరాన్, 17-ఓహెచ్ ప్రొజెస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్షలు చేయించుకుని గైనకాలజిస్టుని గానీ ఎండోక్రినాలజిస్టుని గానీ కలవండి. మందులు మొదలుపెట్టినా వెంట్రుకల్లో తేడా కనపడటానికి ఆరు నెలలు పడుతుంది. పెళ్లి సంగతి ఆ డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఇందుకు వాడే స్పిరనోలాక్టోన్ గర్భం వచ్చే అవకాశం ఉన్నప్పుడు వాడకూడదు. గొంతు మగగొంతులా మారడం, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు దట్టంగా పెరగడం ఉంటే ఈ పరీక్షలు ఈ వారమే జరగాలి.

ముఖం మీద వెంట్రుకలు రావడం మీ తప్పు కాదు, అశుభ్రత కాదు. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో చాలామంది గది తలుపు వేశాక గానీ చున్నీ దించరు. పెళ్లి చేసుకోబోయే అబ్బాయికి ఒక మాట మీరే చెబితే మీకే తేలిగ్గా ఉంటుందని నా ఉద్దేశం. చెప్పాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టం.

పెళ్లికూతుర్ని చేసే రోజు సంగతి ఇప్పుడే అనుకోండి. నలుగు పెట్టేటప్పుడు పెద్దవాళ్లు సున్నిపిండి ముఖానికి బలంగా రుద్దుతారు. చేతులకీ కాళ్లకీ ఎంతైనా రుద్దమనండి. పై పెదవి, గడ్డం దగ్గర మాత్రం పసుపు వేలితో అలా తాకించి కడిగేయమని మీ మేనత్తకో పిన్నికో ముందే చెప్పి ఉంచండి.