టీవీ చర్చకు ప్రేక్షకుడిగా వెళ్తే మాట్లాడనిస్తారా?

టాక్ షోకి పిలిస్తే వెళ్లొచ్చా, మైకు మన దాకా వస్తుందా, లేక ఊరికే కూర్చోబెట్టి పంపిస్తారా అని అడిగారు. నేను వెళ్లింది ఒక్కసారే. 2020 జనవరిలో, అమరావతి ఒక్కటే కాకుండా విశాఖ, కర్నూలు కూడా రాజధానులు, హైకోర్టు కర్నూలుకు అన్న మూడు రాజధానుల మాట రాష్ట్రమంతా నలుగుతున్నప్పుడు, ఒక న్యూస్ ఛానల్ వాళ్లు మా కర్నూలులో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని "హైకోర్టు వస్తే ఈ ఊరికి ఏమొస్తుంది" అని చర్చ పెట్టారు. ఛానళ్లకు స్థానిక వార్తలు పంపే స్ట్రింగర్‌గా చేసే మా బావమరిది మధ్యాహ్నం ఫోన్ చేసి "బావా, జనం తక్కువ పడేట్టున్నారు, నలుగురిని పిల్చుకుని రా" అన్నాడు. ఆహ్వానం అంటే అంతే, పాసూ లేదు గీసూ లేదు. డబ్బులు కూడా ఇవ్వరు, మాకు దక్కింది పులిహోర పొట్లం, నీళ్ల సీసా.

ఐదింటికి రమ్మన్నారు, మొదలుపెట్టేసరికి ఎనిమిది దాటింది. యాంకర్ కొండారెడ్డి బురుజు దగ్గర నాలుగు మాటలు చెప్పి రావడానికి పోయిందంట, ఆటోల హారన్లకి మళ్లీ మళ్లీ తీయాల్సి వచ్చిందంట. ఈలోపు ఫ్లోర్ మేనేజర్ మమ్మల్ని కుర్చీల్లో సర్దడం మొదలుపెట్టాడు. ముందు వరసలో ఖాళీ కనబడకూడదు, ఆడవాళ్లు అక్కడక్కడా ఉండాలి. సన్న గళ్ల చొక్కా వేసుకున్న మా ఫ్రెండ్‌ని వెనక్కి పంపేశాడు, అలాంటి గళ్లు స్క్రీన్ మీద అలలు అలలుగా కదిలినట్టు కనిపిస్తాయట. తర్వాత అసలు తమాషా. స్టేజీ మీద ఎవరూ లేరు, ఎవరూ ఏమీ మాట్లాడలేదు, మాతో మూడుసార్లు చప్పట్లు కొట్టించి, ఒకసారి నవ్వించి, ఒకసారి సీరియస్‌గా చూడమని అన్నీ తీసి పెట్టుకున్నారు. వట్టి కుర్చీలను చూసి సీరియస్‌గా ముఖం పెట్టడం ఎంత కష్టమో చేసి చూడండి.

బ్యానర్ మీద "లైవ్" అని ఉంది కానీ అది రికార్డింగే, ఆదివారం వేశారు. ఎదురుచూపు కాక, చర్చకే మేము రెండున్నర గంటలు కూర్చున్నాం. టీవీలో అది గంట కార్యక్రమం, గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదన్న నిబంధన లెక్కన చూసినా మిగిలేది 48 నిమిషాలు. మిగతాదంతా కత్తెరకే.

నేను ప్రశ్న రాసుకునే పోయాను. కోస్తా, సీమ నాయకులు 1937 నవంబర్ 16న రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు రావాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని మన కర్నూలుకొచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది, 1956 నవంబర్ 1న ఆ రాజధాని కాస్తా హైదరాబాదు పోయింది, ఈసారి ఇచ్చేది పోదని ఏం గ్యారంటీ? ఇదీ నా ప్రశ్న. ఇంట్లో అద్దం ముందు చదివితే నిమిషం పట్టింది. అక్కడ మైకు మన చేతికివ్వరు, కుర్రాడే పట్టుకుని నోటి దగ్గర పెడతాడు. నేను "1937లో" అనగానే యాంకర్ "సూటిగా అడగండి సార్" అంది, కుర్రాడి చెయ్యి వెనక్కి జరుగుతూనే ఉంది. చివరికి నా నోట్లోంచి వచ్చింది "గ్యారంటీ ఏంది?" అన్న ఒక్క ముక్కే. దేనికి గ్యారంటీ అని స్టేజీ మీదున్న నాయకుడు అడిగేలోపే బ్రేక్ అన్నారు. అందుకని మీరు వెళ్తే ప్రశ్న ముందు అడిగేయండి, చరిత్ర తర్వాత చెప్పుకోవచ్చు, చెప్పనిస్తే.

నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు, రిటైర్డ్ టీచరు, డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ మూడు గంటల ఎదురుచూపులో మాకు ఇంకేం పని? కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిచాయని మనం చదువుకోవడమే, ఆయన కళ్లారా చూశాడు. పదకొండేళ్ల పిల్లాడు అప్పుడు, వాళ్ల నాయన గుమాస్తాలకు పాలు పోసేవాడంట, గాలి దుమారం వస్తే గుడారాల్లోంచి కాగితాలు ఎగిరిపోయేవంట, అవి ఏరి తెచ్చిస్తే ఒకాయన కాణీ ఇచ్చేవాడంట. ఇదంతా చెప్పాలని ఆయన చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు. వరసలో గోడ వైపు చివర కూర్చున్నాడు కదా, మైకు కుర్రాడు అటు రానేలేదు. మధ్య దారి పక్కన సీటు పట్టుకోవాలని నాకు అప్పుడే తెలిసుంటే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టేవాణ్ణి.

ఆదివారం టీవీలో నా ప్రశ్న లేదు. నేను మాత్రం ఉన్నాను. హైకోర్టు ఒక్కటి వస్తే చాలు, సీమకు ఇంకేం అక్కర్లేదని ఒక నాయకుడు అంటుంటే తెర నిండా నా ముఖం, గట్టిగా తల ఊపుతూ. నేను తల ఊపింది పెద్దాయన నీళ్ల సీసా కావాలా అని అడిగితే! కార్యక్రమం ఇంకా అయిపోకముందే ఆళ్లగడ్డ నుంచి మా మామ ఫోన్: "ఏమబ్బీ, నీళ్లు గూడా అక్కర్లేదా నీకు, ఆయప్ప మాటకు అట్లా తల ఊపుతాండావే?"