దమ్ము, తుమ్ము, ‘ప్రమాద కారకం’

సందేహం: మా అమ్మకు దమ్ము ఉంది. నాకు పొద్దున లేస్తే తుమ్ములే. ‘ఆస్తమా ఉన్నవారిలో ముక్కు అలర్జీకి జన్యుపరమైన ప్రమాద కారకాలు’ అనే వ్యాసం చదివితే సగం అర్థం కాలేదు. ‘ప్రమాద కారకం’ సరైన మాటేనా? ‘వంశపారంపర్యం’ అంటే సరిపోదా? ‘దమ్ము’ అనొద్దు, ‘ఉబ్బసం’ అనమని మా అమ్మాయి దిద్దుతోంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ముందు మీ అమ్మాయి సంగతి. దమ్ము తప్పు మాట కాదు. ఫారసీలో ‘దమ్’ అంటే ఊపిరి. ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. దమ్ముంటే రమ్మనడం, బీడీ దమ్ము లాగడం, దమ్ బిర్యానీ అన్నీ ఆ ఊపిరికి చుట్టాలే. (కోస్తాలో పొలం దమ్ము చేయడం వేరే ఇంటి మాట.) ఆస్తమా అన్న గ్రీకు మాటకు కూడా అర్థం రొప్పడమే. మీ అమ్మగారిని అలాగే అననివ్వండి.

‘ప్రమాదం’ అంటే సంస్కృతంలో ఏమరుపాటు. ‘ప్రమాదో ధీమతామపి’ అంటే ఎంత తెలివైనవాళ్లయినా ఏమరుతారని. తెలుగులో అది ఆపదగా స్థిరపడి చాలాకాలమైంది, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ‘కారకం’తోనే. కారకం అంటే చేసేది, జరిపించేది. జ్యోతిషంలో సూర్యుణ్ని పితృకారకుడు అనేది అందుకే. క్షయ కారక క్రిమి అంటే క్షయ తెచ్చేదే. ఈ జన్యువులు అలా రోగాన్ని తేవు, వచ్చే అవకాశాన్ని కాస్త పెంచుతాయి, అంతే. అవి ఉన్నా తుమ్మనివాళ్లు ఉంటారు. అందుకని ‘ముప్పు పెంచే జన్యు తేడాలు’ అనడం నాకు ఇష్టం. ‘రిస్క్ పెంచేవి’ అన్నా నేను కోప్పడను.

‘వంశపారంపర్యం’ చాలదా అంటే, చాలదు. ఆ మాట వినగానే మన పాత పటేల్, పట్వారీ పనులు గుర్తుకొస్తాయి. తండ్రి పని కొడుక్కి, ఉన్నది ఉన్నట్టు. ఇక్కడ అలా దిగదు. మా నాన్నకు దమ్ము, నాకు తుమ్ములు, మా తమ్ముడికి ఏమీ లేదు! కొంతవరకు ఒకే వారసత్వం, ఒక్కొక్కరిలో ఒక్కో రూపం. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఉబ్బసం, ముక్కు అలర్జీ, చర్మపు ఎగ్జిమా మూడింటినీ కలిపి చూసి 136 జన్యు తేడాలను లెక్కతేల్చింది. వాటిలో చాలావరకు మూడింటికీ ఉమ్మడివే. ఒక్కోదాని బలం చాలా తక్కువ. దుమ్ము, పుప్పొడి, పొగ వంటివి తోడైతేనే కథ నడుస్తుంది. అన్నట్టు ‘జన్యువు’ చాలా అచ్చొచ్చిన మాట. సంస్కృతంలోని ‘జన్’, 1909లో ‘జీన్’ అన్న పేరుకు ఆధారమైన గ్రీకు ధాతువు, రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి.

ఇక అలర్జీ. 1906లో పిర్కే అనే వియన్నా డాక్టరు పెట్టిన పేరది. మనకు అంతకుముందే ఒక చక్కటి క్రియ ఉంది: పడకపోవడం. ‘నాకు దుమ్ము పడదు’, ‘వంకాయ పడదు’ అంటాం. అందరికీ పడేది ఒకరికి పడకపోవడం, అలర్జీ అంటే అదే కదా. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య నిలబడితే తుమ్మనివాడు ఉండడు, అది మాత్రం ఘాటు. ఘాటు అందరికీ ఎక్కుతుంది, పడకపోవడం కొందరికే. ఈ తేడాను మన మాటలు ఎంత తేటగా పట్టుకున్నాయో చూడండి. అలర్జీతో వచ్చే రైనైటిస్‌ను ‘పడక వచ్చే పడిశం’ అంటే ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు.

‘సర్ది’తో మాత్రం జాగ్రత్త. అది కూడా ఫారసీ నుంచి వచ్చిందే, చలి అని అర్థం. వారంలో తగ్గే జలుబునూ, ఏళ్లతరబడి వదలని తుమ్ములనూ మనం దానితోనే చెప్పేస్తాం. డాక్టరు దగ్గర ‘సర్ది అయింది’ అని ఊరుకోకుండా, ‘దుమ్ము పడ్తలేదు, మా అమ్మకు దమ్ము ఉంది’ అనండి.