నీళ్లు కాచి తాగిస్తున్నా బిడ్డకు విరేచనాలు ఎందుకు?

అనంతపురంలో చలికాలం, మీ పాపకు పది నెలలు. ముందు వాంతులు, మర్నాటి నుంచి నీళ్ల విరేచనాలు. డాక్టరు యాంటీబయాటిక్ రాయలేదని మీ టెన్షన్. ఆయన చేసింది సరైన పనే. ఈ వయసులో ఇలా మొదలైతే ముందు అనుమానించేది రోటావైరస్‌నే. నోరో, ఆస్ట్రో, కొన్ని అడినో వైరస్‌లూ ఉన్నాయి. వీటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

కాచిన నీళ్లే పట్టినా, చేతుల ద్వారా వస్తుంది. డైపర్ మార్చిన చేయి, నేల మీద పడిన బొమ్మ, దాన్ని నోట్లో పెట్టుకునే బిడ్డ. ఈ వైరస్ వస్తువుల మీద రోజుల తరబడి బతుకుతుంది. లోపలికెళ్లి చిన్నపేగు గోడను దెబ్బతీస్తే తాగిన నీళ్లు ఒంటికి పట్టవు. 'పళ్లొస్తున్నాయిలే, మామూలే' అని మా కడప వైపు పెద్దవాళ్లు అంటుంటారు. దయచేసి అలా వదిలేయకండి.

లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను మొత్తంగా లీటరు నీళ్లలో కలపండి, గ్లాసుకి చిటికెడు లెక్కన వద్దు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు, మెత్తటి అన్నం ఆపొద్దు. జింక్ రాసిస్తే, విరేచనాలు తగ్గినా 14 రోజులూ ఇవ్వాలి. ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే, ఆరు గంటలు మూత్రం పోయకపోతే, మలంలో రక్తం కనిపిస్తే, మత్తుగా పడుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రోటా చుక్కలు మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది, 6, 10, 14 వారాలకు. జబ్బు ముదరకుండా కాపాడేది అవే. మీ పాప టీకా కార్డులో ఆ మూడూ ఉన్నాయో లేదో ఒకసారి చూడండి.