కొలంబోలో కిడ్నీ ఇప్పిస్తామంటే?

ప్రశ్న: మా అన్నయ్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్. వదినకు బ్లడ్ గ్రూప్ కలవలేదు. కొలంబోలో దాతను కూడా తనే చూస్తానని ఒక ఏజెంటు నాలుగు లక్షల అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా డాక్టరుగారూ?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీ నల్గొండ పోలీసులు బయటపెట్టిన కిడ్నీ కేసు గుర్తుందా? అప్పుల్లో ఉన్న మన కుర్రాళ్లనే కొలంబో తీసుకెళ్లి కిడ్నీలు తీయించారు. ఆ గొడవ తర్వాతే 2016 జనవరిలో శ్రీలంక విదేశీయులకు ఈ ఆపరేషన్లు ఆపేసింది. మీ ఏజెంటుకు ఆ సంగతి తెలియదనుకోను. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం కిడ్నీ కొన్నవాళ్లకు కూడా జైలే.

అలా బయట ఆపరేషన్ చేయించుకున్న ఒకాయన జ్వరంతో మా దగ్గరికి వచ్చారు. చేతిలో సరైన కాగితం లేదు. ఏ మందులు వాడారో తెలియక మాకే టెన్షన్.

వదిన కిడ్నీ పనికిరాదని ఎవరన్నారు? గ్రూప్ కలవకపోయినా కొత్త కిడ్నీపై దాడి చేసే యాంటీబాడీలను ముందుగా రక్తంలో తగ్గించి మార్పిడి చేస్తున్నారు. లేదా ఇలాంటి ఇబ్బందే ఉన్న మరో కుటుంబంతో దాతలను మార్చుకునే స్వాప్ పద్ధతి ఉంది, అది చట్టబద్ధమే. ఈలోగా ఆసుపత్రి ద్వారా, బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలను అవసరమైనవారికి ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో అన్నయ్య పేరు రాయించండి.