‘చెక్ చేశా’ అంటాడు, మార్కులు మాత్రం పోతూనే ఉంటాయి

మీ బాబు పదో తరగతి, లెక్కలు బాగానే వస్తాయి, కానీ ప్రతి పరీక్షలో చిన్న చిన్న తప్పులతో ఎనిమిదీ పదీ మార్కులు పోతున్నాయి, చెక్ చేశావా అంటే రెండుసార్లు చేశానంటాడు, ఇక ఏం చేయాలి అని అడిగారు. నేను హన్మకొండ నయీంనగర్‌లో మా ఇంటి ముందు గదిలోనే పద్దెనిమిదేళ్లుగా హైస్కూలు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తున్నాను. ఏటా కనీసం నలుగురైదుగురు తల్లిదండ్రులు ఇదే మాటతో వస్తారు.

ముందు ఒకటి నమ్మండి. బాబు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే రెండుసార్లు చూసి ఉంటాడు. కాకపోతే చెక్ చేయడమంటే రాసింది మళ్లీ చదవడమే అనుకుంటున్నాడు. మన చేత్తో మనం రాసిన తప్పును మన కన్ను అంత తొందరగా పట్టుకోదు.

నాకు ఇది తొమ్మిదో తరగతిలో తెలిసింది. ఒక లెక్క మధ్యలో 78ని 7తో గుణించాల్సి వచ్చింది. ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అనుకుని 4 వేశాను, 5 చేతిలో పెట్టుకున్నాను. ఏడు ఏడులు నలభై తొమ్మిది, ఐదు కలిపితే యాభై నాలుగు. జవాబు 544. పేపరు ఇచ్చేముందు ఆ లెక్కను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ మనసులో అదే రాగం, ఏడు ఎనిమిదులు యాభై నాలుగు. ఆ నాలుగు మార్కులూ పోయాయి. ఇంటికొచ్చి ఏడుస్తుంటే బాపు పేపరు చేతిలోకి తీసుకున్నాడు. నా గుణకారం ఆయన చదవనే లేదు. “544ని ఏడుతో భాగించు బిడ్డా” అన్నాడు. భాగిస్తే 77 పోయి 5 మిగిలింది. “ఏడుతో గుణిస్తె వచ్చిన లెక్క ఏడుతో పోకుంటె ఎట్ల?”

బాపు ఏడో తరగతి వరకే చదివాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. మిర్చి సీజన్లో రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరేవాడు కాదు, చొక్కా దులిపితే ఇంటిల్లిపాదికీ తుమ్ములే. కొన్ని రోజులు తక్‌పట్టీల (రైతుకు అమ్మకం లెక్క రాసిచ్చే చీటీల) కట్ట, చిట్టా ఇంటికే తెచ్చుకుని మొత్తాలు కూడుకునేవాడు. మీది నుంచి కిందికి ఒకసారి కూడి, మొత్తం ఒక పక్కన రాసి, దాని మీద అరచెయ్యి పెట్టి మూసేవాడు. తర్వాత కింది నుంచి మీదికి కూడేవాడు. ఎందుకట్లా అని అడిగితే, “వచ్చిన తొవ్వనే మల్ల పోతె, పడ్డ గుంతలనే మల్ల పడ్తం” అన్నాడు. నేను పిల్లలకు చెప్పేదంతా ఆ ఒక్క మాట నుంచే వచ్చింది. జవాబును అది వచ్చిన దారిలో చూడకూడదు. వేరే దారిలో వెళ్లి చూడాలి.

ఇంతకీ వేరే దారి అంటే ఏమిటి?

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాల్లో ఇది సులువు, తిరగేస్తే చాలు. సమీకరణమైతే వచ్చిన విలువను పెట్టి చూడాలి. మన పాఠ్యపుస్తకాల్లో సాధన కింద ‘సరిచూడటం’ అని ఒక వరుస ఉంటుంది చూడండి, దానికి మార్కుల్లేవని పిల్లలు వదిలేసేది అదే. వర్గ సమీకరణాల్లో ఇంకా తొందరగా అయిపోతుంది. ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ మైనస్ 24 ఈక్వల్ టు సున్నా అనుకోండి. మూలాలు 8, మైనస్ 3. కారణాంకాల నుంచి మూలాలకు వచ్చేటప్పుడు గుర్తు మార్చడం మరిచి మైనస్ 8, 3 అని రాసే పిల్లలు చాలామంది. మూలాల లబ్ధం చూస్తే మైనస్ 24, సరిపోతుంది. “చెక్ చేశాను టీచర్, కరెక్టే” అంటారు. మొత్తం కూడా చూస్తే మైనస్ 5 వచ్చి తప్పు బయటపడుతుంది, రావాల్సింది 5 కదా. అందుకే మొత్తం, లబ్ధం రెండూ చూడాలి.

రాత లెక్కల దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను, మార్కులు ఎక్కువగా జారిపోయేది అక్కడే. పోయినేడు కాజీపేట నుంచి వచ్చే ఒక అమ్మాయికి ఈ లెక్క ఇచ్చాను. ఒక రైలు 240 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్తుంది. వేగం గంటకు 20 కిలోమీటర్లు పెరిగితే గంట ముందే చేరేది. అసలు వేగం ఎంత? అమ్మాయి పెరిగిన వేగాన్ని ఎక్స్ అనుకుంది. అందులో తప్పేమీ లేదు. అప్పుడు అసలు వేగం ఎక్స్ మైనస్ 20. సమీకరణం సరిగ్గా వేసింది, సాధించింది, 80 వచ్చింది. 80ని తన సమీకరణంలో పెట్టి చూసింది, సరిపోయింది. అసలు వేగం 80 అని రాసి కింద గీత కొట్టింది.

“ఇప్పుడు సమీకరణం మూసెయ్, ప్రశ్న చదువు” అన్నాను. 80 వేగంతో 240కి మూడు గంటలు. 20 పెరిగితే వంద, అంటే 2 గంటల 24 నిమిషాలు. మిగిలేది 36 నిమిషాలే. గంట ఏది? అమ్మాయి కాసేపు కాగితం వంక చూసి, “అయ్యో, 80 పెరిగిన వేగం కదా టీచర్” అంది. 60 పెట్టి చూస్తే నాలుగు గంటలు, 80 పెడితే మూడు. సరిగ్గా గంట. అందుకే సమీకరణంలో కాదు, ప్రశ్నలోని మాటల్లో పెట్టి చూడమంటాను. ఎక్స్‌ను ఏమనుకున్నామో మరిచిపోయినా, సమీకరణమే తప్పుగా వేసినా, దానిలో దాని జవాబు సరిపోతూనే ఉంటుంది.

క్షేత్రమితిలో జవాబును కళ్ల ముందు పెట్టుకుని చూడాలి. వ్యాసం 2.8 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు ఉన్న నీళ్ల ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయంటే ఒక అబ్బాయి 12.32 లీటర్లు అని రాశాడు. వ్యాసార్ధం 1.4, ఘనపరిమాణం 12.32 ఘనపు మీటర్లు, అక్కడి వరకు అన్నీ సరిగ్గా చేశాడు. మనింటికి వచ్చే మంచినీళ్ల క్యాను 20 లీటర్లది. మనిషి దిగి నిలబడగలిగే ట్యాంకులో క్యాను కన్నా తక్కువ నీళ్లా అని అడిగితే చాలు, వెయ్యితో గుణించి 12,320 చేశాడు. సగటు చిన్న విలువకూ పెద్ద విలువకూ మధ్యనే ఉండాలి, సంభావ్యత ఒకటి దాటకూడదు. వీటికి అర నిమిషం కూడా పట్టదు. త్రికోణమితి సర్వసమీకరణాల్లో తీటాకు ఒక విలువ ఇచ్చి రెండు వైపులా చూడొచ్చు, అయితే 45 డిగ్రీలు పెట్టొద్దు. అక్కడ సైన్, కాస్ రెండూ సమానం కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి రాసినా తెలియదు. 30 పెట్టాలి.

తొమ్మిదితో చూసే పద్ధతి గురించి కూడా కొందరు అడుగుతారు. అంకెల మొత్తాలతో గుణకారం చూడటం. 78లో 7, 8 కలిపితే 15, మళ్లీ కలిపితే 6. ఆరేడులు 42, అది మళ్లీ 6. జవాబు అంకెల మొత్తం కూడా 6 రావాలి. నేను రాసిన 544కు 13, అంటే 4. తప్పు పట్టుబడింది. సరైన జవాబు 546కు 15, అంటే 6. బాగుంది. కానీ 546ను తొందరలో 564 అని రాస్తే? అంకెలు అవే, మొత్తం అదే 6. తప్పు దాటిపోతుంది. అక్కడ అంచనా కావాలి. 80 ఏడులు 560, 78 అంతకన్నా తక్కువ, కాబట్టి జవాబు 560 దాటకూడదు.

ఈ బలహీనతనే బాపు తన పనికి వాడుకునేవాడు. ఒక రాత్రి చిట్టాకూ తక్‌పట్టీలకూ 270 రూపాయల తేడా వచ్చింది. రెండుసార్లు కూడినా అంతే. “270 తొమ్మిదితో పోతది. అంటె అంకెలు తారుమారైనయ్” అన్నాడు. పక్కపక్క అంకెలు రెండు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. తొమ్మిదితో భాగిస్తే 30, కాబట్టి పదుల స్థానంలో, వందల స్థానంలో ఉన్న అంకెల మధ్య మూడు తేడా ఉన్న పద్దు కోసం వేలు పెట్టి వెతికాడు. 4,520 ఉండాల్సిన చోట 4,250 పడి ఉంది. ఒక రైతుకు రావాల్సిన డబ్బు అది. ఆ రాత్రి ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

హోంవర్కు విషయానికొస్తే, పుస్తకం వెనక జవాబులు చూడటం, ఫోన్‌తో ఫోటో తీసి యాప్‌లో జవాబు చూడటం నేను వద్దనను. కానీ తన పద్ధతిలో సరిచూసుకున్న తర్వాతే చూడాలి. ముందే చూస్తే చెక్ చేసే పని పుస్తకం చేసిపెడుతుంది, పరీక్ష హాల్లో ఆ పుస్తకం ఉండదు. మా దగ్గర ప్రతి లెక్క కింద ఒక వరుసలో సరిచూసింది రాయాలి. రాయకపోతే ఆ లెక్క అయినట్టు కాదు.

పరీక్షలో ఎప్పుడు చెక్ చేయాలన్నది ఇంకో సమస్య. చివర్లో చూద్దామని అందరూ అనుకుంటారు. పదో తరగతి పరీక్షలో చివరి అరగంట బిట్ పేపరుకే పోతుంది, అప్పటికి టెన్షన్ కూడా ఎక్కువే. అందుకే లెక్క అయిన వెంటనే, పక్క లెక్కకు వెళ్లేముందే అర నిమిషం పెట్టాలి. మొదట చూడాల్సింది జవాబు కూడా కాదు, ప్రశ్నలోని అంకెలు సరిగ్గా దింపుకున్నామా అని. 36 బదులు 63 దింపుకుని ఆ తర్వాత అద్భుతంగా చేసిన లెక్కలు నేనెన్నో చూశాను. ఎప్‌సెట్‌కు వెళ్లేవాళ్లకు ఈ అలవాటు ఇంకా అవసరం, అక్కడ 3 గంటల్లో 160 ప్రశ్నలు, చివర్లో చూసుకునే తీరిక దొరకదు. ఇంకొకటి, తప్పు ఎక్కడుందో దొరక్కుండా ఏదో అనుమానంతో లెక్క మొత్తం కొట్టేయొద్దని గట్టిగా చెప్పండి. స్టెప్పులకు మార్కులుంటాయి.

ఇక మీరు చేయాల్సింది. ‘అజాగ్రత్త’ అనే మాట ఇంట్లో మానేయండి. ఆ మాట విన్న పిల్లలకు ఏం చేయాలో తెలియదు, భయం మాత్రం వేస్తుంది. బాబు పాత పేపర్లు మూడు నాలుగు ముందు వేసుకుని, పోయిన ప్రతి మార్కు పక్కన ఎందుకు పోయిందో బాబు చేతనే రాయించండి. దింపుకోవడంలో తప్పా, ఎక్కం తప్పా, గుర్తు తప్పా, ప్రశ్న సగమే చదివాడా. రెండేళ్ల కింద నర్సంపేట నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఇలా రెండు నెలలు రాసింది. 17 తప్పుల్లో 11 ఒకే చోట, బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపల రెండో పదానికి గుర్తు మార్చకపోవడం. తనకు లెక్కలు రావని ఏడాదిగా ఏడుస్తున్న పిల్ల అది. ఆ తర్వాత బ్రాకెట్ ముందు మైనస్ కనిపిస్తే చాలు, పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టుకునేది. బాబుకు అలాంటి చోటు ఏదో పాత పేపర్లలోనే దొరుకుతుంది. దొరికాక ఇక్కడే రాయండి, దానికి తగ్గ సాధన లెక్కలు నేను పంపిస్తాను.