పాల పళ్లే కదా అని వదిలేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం

మీ బాబుకి నాలుగేళ్లు, కింది దవడ పళ్ల మీద నల్లటి గుంటలు కనిపిస్తున్నాయి, రాత్రిళ్లు నిద్రలో పళ్లు గట్టిగా కొరుకుతున్నాడు, ఇంట్లో పెద్దవాళ్లేమో "ఎలాగూ ఊడిపోయే పళ్లకి ఫిల్లింగ్ ఎందుకు" అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. గుంటల సంగతి ఈ వారంలోనే డెంటిస్ట్‌కి చూపించండి. పళ్లు కొరకడం గురించి మాత్రం అంత కంగారు పడొద్దు, కానీ రాత్రి ఒకటి రెండు విషయాలు గమనించండి. ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ రెండూ మా ఇద్దరు పిల్లల దగ్గర పడ్డాం. మొదటిది మా అమ్మాయికి, రెండోది మా అబ్బాయికి.

మా అమ్మాయికి మూడేళ్లప్పుడు ఒకరోజు స్నానం చేయిస్తుంటే నోరంతా తెరిచి నవ్వింది. పై ముందు పళ్ల మీద, చిగురుకి ఆనుకుని, సుద్దముక్కతో గీసినట్టు సన్నటి తెల్ల గీత కనిపించింది. పాలు అంటుకున్నాయేమో అనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. మిగతా పన్నంతా నిగనిగలాడుతుంటే ఆ గీత ఒక్కటే మెరుపు లేకుండా ఉంది. నొప్పి అనలేదు, అన్నం మామూలుగానే తింటోంది, నేనూ మర్చిపోయాను. కొన్ని నెలలకి అది గోధుమరంగుకి తిరిగింది. ఆ తర్వాత దవడ పంటి మీద చిన్న నల్ల చుక్క. నాలుగున్నరేళ్లప్పుడు ఒక అర్ధరాత్రి చెంప పట్టుకుని ఏడుస్తూ లేచింది. తెల్లారేసరికి ఆ వైపు దవడ వాచిపోయింది.

ఎక్స్‌రే తీస్తే పుచ్చు నరం దాకా వెళ్లిపోయిందని తెలిసింది. ఆ పంటికి నరం తీసి మందు నింపి, పైన స్టీలు క్యాప్ వేశారు. అంతకంటే నన్ను బాధపెట్టింది డెంటిస్ట్ చెప్పిన ఇంకో మాట. ఆ తెల్ల గీతే పుచ్చుకి మొదటి మెట్టు అట. ఎనామిల్‌లోని, అంటే పంటి గట్టి పైపొరలోని ఖనిజాలు కరిగిపోవడం మొదలైందని దానర్థం. ఇంకా గుంట పడలేదు కాబట్టి ఆ దశలో ఫ్లోరైడ్ పూసి, తిండి అలవాట్లు సరిచేసి ఉంటే డ్రిల్లింగ్ అవసరమే లేకుండా ఆగిపోయే అవకాశం ఉండేది. అందుకే చిన్న పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చెబుతుంటాను: నెలకోసారి బిడ్డని కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, పై పెదవి పైకెత్తి చిగురు అంచు చూడండి. అర నిమిషం పని.

ఇక పెద్దవాళ్ల ప్రశ్నకి వస్తాను. ఊడిపోయే పళ్లే, నిజమే. కానీ ఎప్పుడు ఊడతాయి? ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి, దవడ పళ్లు మాత్రం పది నుంచి పన్నెండేళ్ల దాకా ఉండాలి. మీ వాడు ఆ పళ్లతో ఇంకా ఆరేడేళ్లు నమిలి తినాలి. పైగా కింద తయారవుతున్న అసలు పంటికి చోటు కాపాడేది ఆ పాల పన్నే. దాన్ని నాలుగేళ్లకే పీకించాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, అసలు పన్ను వచ్చేసరికి దానికి దారి ఉండదు. అలా జరగకుండా ఆ ఖాళీలో స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న కమ్మీ పెట్టాల్సి రావచ్చు. వేరు దగ్గర చీము చేరి చాలాకాలం ఉండిపోతే కింద ఉన్న అసలు పంటి మీద మచ్చలు పడే ప్రమాదం కూడా ఉంది.

పాల పంటి ఎనామిల్ పెద్దవాళ్ల పంటి ఎనామిల్‌లో దాదాపు సగం మందమే ఉంటుంది. లోపలి నరం గది మాత్రం పంటి సైజుతో పోలిస్తే పెద్దది. అందుకే పెద్దవాళ్లలో ఏళ్లు పట్టే పుచ్చు పిల్లల్లో కొన్ని నెలల్లోనే నరానికి తగులుతుంది. "నొప్పి వచ్చినప్పుడు చూద్దాంలే" అనడం పిల్లల విషయంలో పనికిరాదు. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యం అయినట్టే.

మా తప్పెక్కడ జరిగిందో నాకు తర్వాత అర్థమైంది. నోట్లో ఉండే బ్యాక్టీరియా చక్కెరని తిని యాసిడ్ వదులుతుంది. నోట్లో పీహెచ్ (అది ఎంత తగ్గితే అంత ఆమ్లం పెరిగినట్టు) సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ యాసిడ్‌ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంటో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువో పడుతుంది. ఈలోగా ఇంకో బిస్కెట్ నోట్లో పడితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి ఎంత తీపి తిన్నారన్నదాని కంటే రోజుకి ఎన్నిసార్లు తిన్నారన్నదే ఎక్కువ దెబ్బ. మా అమ్మాయి తినేది తక్కువే, కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతిలో ఏదో ఒకటి ఉండేది. పది నిమిషాలకోసారి చిన్న ముక్క, లేదా ఒక గుక్క జ్యూస్. ఒక చాక్లెట్ అన్నం తిన్న వెంటనే ఇచ్చేస్తే పళ్లకి జరిగే నష్టం అంతకంటే తక్కువ. ఇప్పుడు మా ఇంట్లో తీపి భోజనంతోనే. మధ్యలో దాహమైతే మంచినీళ్లే.

దానికి తోడు రెండున్నరేళ్ల దాకా పాల సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయేది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పాలు పై పళ్ల చుట్టూ రాత్రంతా నిలిచి ఉంటాయి. కింది ముందు పళ్లని నాలుక కప్పి ఉంచుతుంది, అందుకే అవి బాగానే ఉండి పైవి పాడవుతాయి. మా అమ్మాయికి అచ్చం అలాగే అయింది. ఇంకో సంగతి అసలు తట్టనే లేదు: దగ్గు సిరప్. రాత్రి బ్రష్ చేయించి, పడుకోబెట్టే ముందు తియ్యటి సిరప్ పట్టేదాన్ని. ఇప్పుడు మందు ముందు, బ్రష్ తర్వాత. ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ లేదు.

నేను మార్చిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది రాత్రి బ్రష్ మా చేతుల్లోకి తీసుకోవడం. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల చేతికి ఆ నేర్పు రాదు. పొద్దున కావాలంటే వాళ్లనే చేసుకోనివ్వండి, రాత్రి మాత్రం మీరే చేయండి. అద్దం ముందు నిలబెట్టి చేస్తే నాకు ఎప్పుడూ దవడ పళ్లు కనిపించేవి కావు. మంచం మీద పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకుని, నేను వెనక నుంచి వంగి చూస్తూ చేయడం మొదలుపెట్టాక నోరంతా కనిపించింది. ఒక చూపుడువేలితో చెంప పక్కకి లాగి పట్టుకుని, రెండో చేత్తో చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్‌ని చిగురు వైపు కాస్త వంచి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. మొదటి వారం ఏడ్చింది. పళ్లు ఒక్కొక్కటే పైకి లెక్కపెడుతూ చేసేదాన్ని. ఇరవై అనేసరికి అయిపోతుందని తెలిశాక ఏడుపు మానేసింది.

పేస్టు విషయంలో నేను పొరపాటు పడ్డాను. మింగేస్తుందేమోనని ఫ్లోరైడ్ లేని పిల్లల పేస్టు వాడాను. రంగు, వాసన బాగుండేవి, కానీ పళ్లకి అసలు రక్షణ ఇచ్చే ఫ్లోరైడే అందులో లేదు. ట్యూబ్ మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం దగ్గర ఉందో లేదో చూసి తీసుకోండి. మూడేళ్ల లోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి బఠాణీ గింజంత చాలు. ఆ కొలత మీరే వేయండి, ట్యూబ్ వాళ్ల చేతికి ఇవ్వొద్దు. అయ్యాక ఉమ్మేయమనండి, నీళ్లతో పుక్కిలించనివ్వకండి, కడిగేస్తే ఫ్లోరైడ్ పోతుంది. మీరు తాగే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే మాత్రం ఏ పేస్టు వాడాలో డెంటిస్ట్‌ని అడిగి నిర్ణయించుకోండి.

దవడ పళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే వాటి మధ్యలోకి ఏ బ్రష్షూ వెళ్లదు. అక్కడ ఫ్లాస్ దారం లాగాలి. పిల్లల్లో చాలా పుచ్చులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే, పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. మా అమ్మాయికి మేం చూసింది ఒక్క చుక్కే, ఎక్స్‌రేలో పళ్ల సందున ఇంకో రెండు బయటపడ్డాయి. మీ వాడికీ కళ్లకి కనిపించేవే మొత్తం అనుకోకండి.

ఫిల్లింగ్ అనగానే సూది, డ్రిల్ అని భయపడుతున్నారేమో, ప్రతి గుంటకీ అదే వైద్యం కాదు. పుచ్చు నరానికి దూరంగా ఉంటే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవం పూసి పుచ్చుని అక్కడికక్కడ ఆపేయొచ్చు. నొప్పి ఉండదు, కాకపోతే పుచ్చిన చోటు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. దవడ పంటికైతే చాలామంది పట్టించుకోరు. హాల్ టెక్నిక్ అని ఇంకో పద్ధతి ఉంది, తగిన పళ్లకి మత్తు సూది, డ్రిల్ లేకుండానే స్టీలు క్యాప్ బిగించేస్తారు. పుచ్చుకి లోపల తిండి అందక అది పెరగడం ఆగిపోతుంది. మీ వాడికి ఏది సరిపోతుందో ఎక్స్‌రే చూశాకే తెలుస్తుంది, ఈ పేర్లు చెప్పి అడగండి. మిగతా పళ్లకి ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత కూడా వేయించండి, ఏడాదికి కనీసం రెండుసార్లు. ఆరేళ్లప్పుడు చివరి పాల పన్ను వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను వస్తుంది. అది పాల పన్ను కాదు, జీవితాంతం ఉండాల్సింది. చాలా ఇళ్లలో ఎవరూ గమనించరు. అది పూర్తిగా బయటికొచ్చాక, దాని పైనున్న సన్నటి గాడుల్ని మూసే సీలెంట్ అనే పూత వేయిస్తే పుచ్చకుండా బాగా కాపాడుతుంది.

పళ్లు కొరకడం గురించి. మా అబ్బాయికి అయిదేళ్లప్పుడు పక్క గదిలోకి వినపడేది, రాయి మీద రాయి పెట్టి నూరుతున్నట్టు కరకరమని. మొదటిసారి విన్నప్పుడు చాలా టెన్షన్ పడ్డాను, పళ్లు విరిగిపోతాయేమో అని. కడుపులో పురుగులు అన్నారు, మందు వేశాం, శబ్దం తగ్గలేదు. నులిపురుగుల మందు పిల్లలకి ఎప్పుడు ఎలా ఇవ్వాలో డాక్టర్ చెప్పినట్టు ఇవ్వాల్సిందే, కానీ పళ్లు కొరకడానికి అదే కారణమని తీర్మానించుకుని కూర్చోకూడదు. ఈ అలవాటు పిల్లల్లో చాలా మామూలు, ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ దానంతటదే పోతుంది. పాల పళ్లు కాస్త అరిగి పైభాగం చదునుగా అవ్వొచ్చు. దవడ ఎముక ఇంకా పెరుగుతుంటుంది కాబట్టి పెద్దవాళ్లకి రాత్రి పళ్లకి తొడుక్కోమని ఇచ్చే నైట్ గార్డ్ పిల్లలకి సాధారణంగా ఇవ్వరు.

మీరు గమనించాల్సింది శ్వాస. మా వాడు నోరు తెరిచి నిద్రపోయేవాడు, గురక పెట్టేవాడు, పొద్దున లేచేసరికి పెదవులు ఎండిపోయి ఉండేవి. ఈ మాట పిల్లల డాక్టర్‌తో అంటే ఈఎన్‌టీకి పంపారు. ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండలు ఉబ్బి ఉన్నాయని చెప్పి వైద్యం చేశారు. ముక్కు తెరుచుకున్నాక గురకా తగ్గింది, కొరకడమూ తగ్గింది. అందరికీ ఇదే కారణం కాదు, కొందరికి కొత్త స్కూల్, ఇంట్లో గొడవలు, నిద్ర సరిపోకపోవడం కూడా కారణం అవుతాయి. కానీ గురక, నోటితో శ్వాస ఉంటే మీ ప్రశ్నలోని రెండు సమస్యలకీ లంకె ఉండొచ్చు. కొరకడం వల్ల పళ్లు పుచ్చవు గానీ, రాత్రంతా నోరు తెరిచి ఉంటే లాలాజలం ఎండిపోయి పుచ్చు త్వరగా పెరుగుతుంది. పొద్దున్నే దవడ నొప్పి, చెవి నొప్పి అన్నా, చల్లటి నీళ్లకి పళ్లు జివ్వుమంటున్నాయన్నా ఆ సంగతి కూడా డెంటిస్ట్‌కి చెప్పండి.

ఈలోగా ముఖం వాచినా, జ్వరం వచ్చినా, చిగురు మీద చీము పొక్కులాంటిది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ వచ్చేదాకా ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి. మింగడం, గాలి పీల్చడం కష్టమైతే నేరుగా ఎమర్జెన్సీకే. నొప్పి ఉందని చిగురు మీద మాత్రలు నూరి పెట్టడం లాంటివి చేయకండి, చిగురు కాలుతుంది.

తీసుకెళ్లేటప్పుడు "సూది వేయరులే, నొప్పి ఉండదులే" అనకండి. పిల్లలకి ఆ వాక్యంలో వినపడేది సూది, నొప్పి మాత్రమే. "డాక్టర్ నీ పళ్లు ఎన్నున్నాయో లెక్కపెడతారు" అనండి చాలు. మా వాడు ఇంటి దగ్గరే ఇరవై లెక్కపెట్టడం నేర్చుకుని వెళ్లాడు, లోపలికి వెళ్లగానే తనే డాక్టర్‌కి ఆ సంఖ్య చెప్పి నోరు తెరిచాడు. ఈ రాత్రి వాడు నిద్రపోయాక గదిలో లైటు వేయకుండా ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేయండి. కొరికే శబ్దం, శ్వాస రెండూ వినపడేలా. మేం ఎంత వివరించినా డాక్టర్‌కి అర్థం కానిది ఆ రికార్డింగ్ వినగానే అర్థమైంది.