విశాఖ తీరంలో మోడల్ వేడిని ఎక్కువ చూపుతున్నప్పుడు

మే నెల మధ్యాహ్నాలలో మీ డబ్ల్యూఆర్ఎఫ్ మోడల్ (వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రాము) విశాఖకు వేడిని ఎక్కువగా, సముద్రపు గాలి రాకను ఆలస్యంగా చూపుతోందని రాశారు. మీరు 9 కిలోమీటర్ల గ్రిడ్, అంటే ప్రాంతాన్ని 9 కిలోమీటర్ల గడులుగా విభజించే వల, వాడుతున్నారు కాబట్టి, అసలు లోపం అక్కడే ఉందని నా నమ్మకం. ఆ కొలతలో కైలాసగిరి, యారాడ కొండలు దాదాపు చదునైపోతాయి. ఆర్కే బీచ్ ఉన్న గడిలో నేలా నీరూ కలిసి ఉన్నా, మోడల్ దానిని మొత్తం నేలగానో మొత్తం నీరుగానో లెక్కిస్తుంది. లోపల 3 కిలోమీటర్ల గ్రిడ్ చేర్చి, అందులో క్యుములస్ స్కీమును (గడి కన్నా చిన్న మేఘాల ప్రభావాన్ని అంచనాగా లెక్కించే భాగాన్ని) ఆపివేయండి.

సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను కూడా చూడండి. మోడల్ సెట్టింగుల ఫైలైన నేమ్‌లిస్ట్‌లో, ఆ ఉష్ణోగ్రతను మధ్యమధ్య మార్చాలా వద్దా అని చెప్పే ఎస్ఎస్‌టీ అప్‌డేట్ 0గా ఉంటే, మోడల్ రన్ ఎన్ని రోజులు సాగినా బంగాళాఖాతం మొదటి గంట నాటి వేడితోనే ఉండిపోతుంది. ఒకటి రెండు ఎండ రోజులకు ఇది పెద్ద దోషం కాదు గాని, 2014 అక్టోబరు 12న మన నగరాన్ని తాకిన హుద్‌హుద్ వంటి తుపానును పరీక్షించేటప్పుడు, తుపాను తన దారిలోని నీటిని కలియబెట్టి చల్లబరిచే సంగతి మోడల్‌కు అందక, దాని బలం ఎక్కువగా తేలవచ్చు. ఆ విలువను 1 చేసి, మోడల్‌కు ఆరంభ, సరిహద్దు విలువలను తయారుచేసే రియల్ ప్రోగ్రామును మళ్ళీ నడిపి, మారే సముద్ర ఉష్ణోగ్రతలు ఉండే దిగువ సరిహద్దు ఫైలు వచ్చిందో లేదో చూసుకోండి. మోడల్ ఇంకా కుదురుకుంటూ ఉండే మొదటి 12 గంటల ఫలితాలను వదిలి, గాలి సముద్రం వైపు నుంచి వీచడం మొదలైన గంటను విమానాశ్రయ నమోదులతో పోల్చండి.